మంచు క్రింది కన్నులు

చదువవలసిన వాక్యభాగములు: యోబు 38:16, 29–30, కీర్తనలు 139:11–12, మత్తయి 6:19–24



యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు యోబును ప్రశ్న వెంబడి ప్రశ్న అడిగెను. సముద్రపు ఊటలున్న చోటికి నీవెప్పుడైన పోయితివా యనెను. నీరు బండవలె బిగిసి, లోతైన సముద్రముపై మూతవలె పడుటను గూర్చియు అడిగెను. మనలో అట్టి సముద్రమును చూచినవారు లేరు. మన తూర్పు తీరమున ఏ కాలమందైనను నీరు గడ్డకట్టదు. అయితే భూగోళపు ఉత్తరపు కొనను, దక్షిణపు కొనను ఉన్న సముద్రములు ఆ మాటలలో చెప్పినట్లే యున్నవి. ఆ మంచు మూత క్రింద, నెలల తరబడి చీకటిలో, మన రొయ్యలకును పీతలకును బంధువులైన చిన్న ప్రాణులు కోట్లాదిగా బ్రదుకుచున్నవి. వాటికి కన్నులున్నవి. చీకటిలో కన్నులెందుకు? ఈ నెల పాఠములో ఆ ప్రశ్ననే విచారింతము.

1. నాలుగు నెలల రాత్రి

దక్షిణ ధ్రువమునకు దగ్గరగా రాస్ సముద్రములో మెక్‌మర్డో జలసంధి కలదు. ఉత్తరాన నార్వే దేశమునకు చెందిన స్వాల్‌బార్డ్ ద్వీపములలో, 79వ అక్షాంశముపై కాంగ్స్‌ఫ్యోర్డెన్ అను సముద్రపు పాయ కలదు. ఈ రెండు చోట్లను చలికాలమున సుమారు నాలుగు నెలలు సూర్యుడు ఉదయించడు. ఉత్తరాన అక్టోబరు చివర అస్తమించిన సూర్యుడు ఫిబ్రవరి మధ్యకు గాని మరల కనబడడు. మెక్‌మర్డోలో దానికి తోడు మనిషి ఎత్తును మించిన మంచు పలక సముద్రముపై పరచియుండును. దాని క్రింది నీరు సున్నకంటె సుమారు 1.9 డిగ్రీలు తక్కువ చల్లదనము గలది. ఉప్పునీరు గనుక అంత చలిలోను అది పూర్తిగా గడ్డకట్టదు.

ధ్రువ రాత్రిలో సముద్రమంతయు నిద్రించునని చాల కాలము తలంచిరి. వెలుగు లేదు గనుక కదలికయు ఉండదని వారి ఊహ. ఆ ఊహ తప్పని 2009లో తేలినది. ఆ చీకటి కాలమందును చిన్న జలచరములు దినదినము పైకి లేచుచు క్రిందికి దిగుచున్నవని, నీటిలోనికి ధ్వని పంపి కనిపెట్టు యంత్రముల వలన శాస్త్రజ్ఞులు ఎరిగిరి. మధ్యాహ్నవేళ ఆకాశపు అంచున సూర్యుని జాడగా మిగులు మసక వెలుగే వాటికి గడియారము. చంద్రుడున్న దినములలో ఇంకొక సంగతి జరుగును. 24 గంటలకు బదులు 24.8 గంటలకొకసారి, అనగా చంద్రుని రాకపోకలను బట్టి అవి దిగి ఎక్కుచున్నవని 2016లో వెల్లడియైనది. నిండు చంద్రుని వేళ అవి పైనీటిని విడిచి 50 మీటర్ల లోతు దాక దిగిపోవును. ఆ వెన్నెలలో తమ్మును పట్టి తినువారినుండి తప్పించుకొనుటకే అట్లు చేయుచున్నవని తలంచుచున్నారు.

మనుష్యులు కటిక చీకటి యని పిలిచిన దానిలో ఆ చిన్న ప్రాణులకు వెలుగు కనబడుచుండెను. 139వ కీర్తన వ్రాసిన భక్తుడు, చీకటి తన్ను కప్పివేసినను దేవునికది చీకటి కాదని ఒప్పుకొనెను. మనము చీకటి యని తీర్పు చెప్పినంత మాత్రమున అక్కడ వెలుగు లేదని అర్థము కాదు.

2. అనేక కన్నులు, ఒక్క చూపు

ఇప్పుడా కంటి నిర్మాణమును చూతము. రొయ్య కన్ను మన కంటివంటిది కాదు. మన కంటికి ఒక్క కటకము గలదు. రొయ్య కన్ను అనేకమైన అతి చిన్న కన్నుల గుంపు. దీనిని సంయుక్త నేత్రమందురు. అందలి ఒక్కొక్క భాగమునకు నేత్రాంశమని పేరు. నేత్రాంశమునకు పైన పారదర్శకమైన పొర, దాని క్రింద వెలుగును పోగుచేయు గాజువంటి శంకువు, అడుగున వెలుగును పట్టుకొను కడ్డీవంటి భాగము ఉండును. ఆ కడ్డీనుండి నరము మెదడుకు వార్త తీసికొనిపోవును.

పగటివేళ సంచరించు తూనీగవంటి పురుగుల కంటిలో ఒక్కొక్క నేత్రాంశము చుట్టును నల్లని రంగుపదార్థము గోడవలె నిలుచును. ఎవరి కిటికీలో వచ్చిన వెలుగు వారిదే, పక్కవానికి పోదు. అందువలన చూపు స్పష్టముగా నుండును. అయితే చీకటి పడినప్పుడు ఒక్కొక్క చిన్న కిటికీలో వచ్చు వెలుగు ఏ మూలకును చాలదు.

రొయ్య కంటిలో మరియొక ఏర్పాటు కలదు. పగలు ఆ నల్లని రంగు నేత్రాంశముల మధ్య పరచుకొని గోడగా నిలుచును. రాత్రివేళ అది పక్కకు తొలగిపోవును. శంకువులకును అడుగునున్న కడ్డీలకును మధ్య ఖాళీగా, తేటగా ఒక చోటు గలదు. గోడలు తొలగినప్పుడు అనేక కిటికీలలో ప్రవేశించిన వెలుగు ఆ ఖాళీ చోటును దాటి ఒక్క కడ్డీ మీదనే పడును. ఈ విధమైన కంటిని గూర్చి సిగ్మండ్ ఎక్స్‌నర్ అను ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు 1891లో గ్రంథము ప్రకటించెను. రొయ్య కంటిలో వెలుగు చిన్న అద్దములవంటి పక్కల మీద పడి మరలుచున్నదని 1975, 1976 సంవత్సరములలో తేలినది. రాత్రి కాలువ గట్టున దీపము పట్టినప్పుడు రొయ్యల కన్నులు నిప్పుకణములవలె మెరయుట మీలో అనేకులు చూచియుందురు. అడుగున పడిన వెలుగు ఆ కిటికీల గుండనే తిరిగి బయటికి వచ్చుట వలన కలుగు మెరుపు అది.

ధ్రువ సముద్రములలోని క్రిల్ అను రొయ్యవంటి ప్రాణికిని ఆ తేట చోటు గల కన్నే యున్నది. అద్దములకు బదులు దాని శంకువులు వెలుగును వంచి ఒక్క చోటికి చేర్చును. దక్షిణ సముద్రపు క్రిల్ ఆరు సెంటిమీటర్ల పొడవు, అనగా మన చూపుడువ్రేలంత యుండును. దాని దేహముపై నీలి వెలుగునిచ్చు పది చిన్న దీపములున్నవి. వాటిలో రెండు కంటి కాడల మీదనే అమర్చబడినవి. తిమింగిలములు, పెంగ్విను పక్షులు, సీలు చేపలని పిలువబడు జంతువులు వీటిని తిని బ్రదుకుచున్నవి. ఆ సముద్రములోని క్రిల్ అంతయు కలిసి సుమారు 38 కోట్ల టన్నులుండునని 2009లో ఒక లెక్క వేసిరి.

ప్రియులారా, రాత్రివేళ గోడ తొలగించుకొను ఈ కంటిని చూచి మన సంఘములను తలంచుకొందము. పంట బాగుగా పండి, పిల్లలు కులాసాగా నున్నప్పుడు ఎవరి కిటికీ వారికి చాలును. ఎవరి ప్రార్థన వారిది, ఎవరి బైబిలు వారిది. కాని చీకటి దినములు వచ్చును. ఒక యింట మరణము, మరియొక యింట అప్పు, ఇంకొక యింట త్రాగుడు. ఆ దినములలో ఒక్కొక్కని విశ్వాసము వేరువేరుగా మినుకుమినుకుమనునంతే. పది యిండ్ల చిన్న వెలుగు ఒక్క చోట పడినప్పుడే త్రోవ కనబడును. అయితే మధ్యను గోడలున్నవే! పోయిన ఎన్నికలలో నీవు ఆ పక్షము, నేను ఈ పక్షము. నీ గట్టు నా పొలములోనికి జరిగినది. నీ వాళ్లు మా పెండ్లికి రాలేదు. క్రీస్తు మధ్యనున్న అడ్డుగోడను పడగొట్టెనని పౌలు ఎఫెసీయులకు (2:14) వ్రాసినది మనము చదువుచునే, ఆరాధన ముగియగానే ఆ గోడను మరల కట్టుచున్నాము. చీకటి పడినప్పుడు గోడను తొలగించుట రొయ్యకే తెలిసియుండగా సంఘమునకు తెలియకపోవుట తగునా?

3. స్పష్టత తగ్గినను చూపే

అనేక కిటికీల వెలుగును ఒక్క చోటికి చేర్చుకొను కంటికి ఒక నష్టము కలదు. వెలుగు దొరకును గాని రూపములు అంత స్పష్టముగా తెలియవు. చీకటిలో ప్రాణులు ఈ బేరమునకు ఒప్పుకొనవలసినదే. ఉత్తర సముద్రములోని కలానస్ అను ప్రాణి ఇంకను చిన్నది. బియ్యపు గింజను మించదు. దానికి సంయుక్త నేత్రము లేనే లేదు. తల ముందర మూడు భాగములు గల ఒక సాధారణమైన కంటి చుక్క మాత్రమే కలదు. ఆ కంటికి రూపములు కనబడవు. వెలుగున్నదా లేదా, ఏ వైపున నున్నది అను ఇంత మాత్రమే తెలియును. అయినను సముద్రములో ఎప్పుడు పైకి రావలెనో, ఎప్పుడు దిగవలెనో ఎరుగుటకు దానికి అంతియే చాలును.

కాంగ్స్‌ఫ్యోర్డెన్‌లోని క్రిల్ ధ్రువ రాత్రి మధ్యాహ్నమున 20 నుండి 30 మీటర్ల లోతులో సహితము పైనుండి దిగు మసక వెలుగును కనిపెట్టగలదని 2015లో ప్రచురింపబడిన పరిశోధన తెలిపినది. వాటిని పట్టి చీకటిలో నుంచి పరీక్షించినప్పుడును, వాటి కంటి చురుకుదనము రేయింబవళ్ల లెక్క చొప్పున హెచ్చుచు తగ్గుచు నుండెనని 2021లో తెలిసినది. మసక వెలుగు నేర్పిన వేళను ఆ కన్ను మరచిపోలేదు.

కుమారుని పోగొట్టుకొనిన ఒక తల్లి నాతో, “అయ్యగారూ, ఇప్పుడు నాకు ప్రార్థన రావడం లేదండి. కండ్లు మూసుకుంటే ఏమీ కనపడదు. దేవుడున్నాడని మాత్రం తెలుసు, అంతే” అనెను. “అమ్మా, చీకటిలో ఆ ‘అంతే’ చాలా పెద్దది” అని చెప్పితిని. దుఃఖములో నున్నవారిని మనము, “దేవుడు ఎందుకిట్లు చేసెనో తెలిసినదా? ఏమి పాఠము నేర్చుకొంటివి?” అని అడుగుదుము. చీకటిలోనున్న కంటిని సూదిలో దారమెక్కించుమని అడిగినట్లే అది. బేత్సయిదాలో ప్రభువు చేయి తగిలిన గ్రుడ్డివాడు మొదట మనుష్యులను నడచు చెట్లవలె చూచెను (మార్కు 8:22–26). ప్రభువు వానిని గద్దింపలేదు. రెండవ మారు చేయి వేసెను. ఇప్పుడు మనము చూచునది అద్దములో మసకగా చూచినట్టిదేయని పౌలంతటివాడు ఒప్పుకొనెను (1 కొరింథీ 13:12). వెలుగు ఏ వైపున నున్నదో ఎరిగి ఆ వైపు ముఖము త్రిప్పిన ఆత్మ గ్రుడ్డిది కాదు.

4. చీకటికి అలవడిన కంటిపై హఠాత్తుగా వెలుగు

మెక్‌మర్డో మంచు క్రింద ఆర్కొమీనీ అను చిన్న ప్రాణి కలదు. ఇది ఆంఫిపాడ్ అను తెగకు చెందినది. చచ్చిన చేపలను తిని సముద్రపు అడుగును శుభ్రపరచు పాకీ పని దానిది. దాని కంటి పైభాగము నున్నగా నుండును; లోపలనున్న వెలుగు పట్టు కడ్డీలు దొడ్డవిగా నుండును. ఈ ప్రాణులను మంచు క్రిందనుండి పైకి తెచ్చి వెలుగులో ఉంచినప్పుడు ఆ కడ్డీల కట్టుదిట్టమైన అమరిక చెదరిపోయెనని 1979లో ప్రచురింపబడిన పరీక్షలు చూపినవి. నీరు వెచ్చబడిన కొలది ఆ హాని హెచ్చినది. వెలుగు మంచిదే. కన్నును మంచిదే. అయినను ఒక్కసారిగా వచ్చిన వెలుగును ఆ కన్ను తాళలేకపోయెను.

సంఘ పెద్దలు దీనిని గట్టిగా మనసున నుంచుకొనవలెను. ఏండ్ల తరబడి చీకటిలోనున్న ఒక మనుష్యుడు, త్రాగుడు విడిచియో విగ్రహములను విడిచియో, వెనుక బల్ల మీద భయముతో కూర్చుండును. మొదటి ఆదివారమే మనము వాని పాత పాపములన్నియు బయటపెట్టి, నియమములన్నియు ఒక్కసారిగా వాని మీద కుమ్మరింతుము. రెండవ ఆదివారము వాడు రాడు. “వానిది రాతినేల” అని మనము చెప్పుకొందుము! ప్రభువు తన శిష్యులకు చెప్పవలసినవి ఇంకను అనేకములున్నను, వారప్పటికి భరింపలేరని ఆగెను (యోహాను 16:12). దమస్కు మార్గమున గొప్ప వెలుగు సౌలును తాకినప్పుడు అతడు మూడు దినములు చూపులేక యుండెను. ఆ వెలుగును పంపిన ప్రభువే, అతని మీద చేతులుంచి సహోదరుడా యని పిలుచుటకు అననీయను కూడ పంపెను (అపొ. కార్య. 9). సత్యమును దాచుమని నేను చెప్పుటలేదు. చెప్పువాని చేయి అననీయ చేయివలె నుండవలెనని చెప్పుచున్నాను.

5. దేహము తగ్గినను తగ్గని కన్ను

ఇప్పుడు ఈ పాఠములో ముఖ్యమైన భాగమునకు వచ్చితిమి. చలికాలమున దక్షిణ సముద్రములో క్రిల్‌కు ఆహారము బహు కొంచెము. అది తిను సన్నని పాచికి వెలుగు కావలెను, వెలుగు లేదు. అప్పుడది విచిత్రమైన పని చేయును. పెంకు విడుచు ప్రతి మారును మునుపటికంటె చిన్నదిగా మారును. పెరుగుటకు బదులు తగ్గును. తన మాంసమునే ఖర్చుపెట్టుకొని బ్రదుకును. ఆస్ట్రేలియాలో జరిగి 1982లో ప్రచురింపబడిన పరీక్షలో, ఆహారమేమియు లేకయే 211 దినములు బ్రదికిన క్రిల్ ఉండెను.

అయితే అట్లు దేహము తగ్గిపోయినను కన్ను ఆ లెక్కన తగ్గదని 1995లో మరియొక పరిశోధన చూపినది. అందువలన శాస్త్రజ్ఞులు దేహపు పొడవును కంటి వెడల్పుతో పోల్చి చూతురు. చిన్న దేహమున పెద్ద కన్నున్నయెడల, ఇది పిల్ల కాదు, కరవు ననుభవించిన పెద్దదని గురుతుపట్టుదురు. కరవును దాటివచ్చిన దానికి సాక్ష్యము దాని కన్నే!

అన్ని ప్రాణుల గతి ఇట్లు లేదు. ఐరోపా ఖండములోని గుహలలోను నేలక్రింది నీటిలోను నిఫార్గస్ అను ఆంఫిపాడ్‌లున్నవి. వెలుగు ఎన్నడును రాని ఆ చోట, తరతరములు గడచిన మీదట, వాటికి కన్నులు లేకుండ పోయినవి. కంటిని పోషించుటకు ఆహారము ఖర్చగును. పనిలేని కన్ను నిలువదు. కాలేజీలో చదువుకొను మన పిల్లలు ఈ సంగతులు చెప్పినప్పుడు మనము భయపడనక్కరలేదు. కంటిని చేసినవాడు చూడకుండునా యని 94వ కీర్తన అడిగిన ప్రశ్న, ఆయన దానిని ఎంత దీర్ఘకాలములో ఏ రీతిగా చేసెనో తెలిసినంతనే చెల్లనిది కాదు.

మత్తయి 6వ అధ్యాయములో ప్రభువు కంటిని దేహమునకు దీపముగా చెప్పెను. ఆ మాట ఎక్కడ నున్నదో గమనించితిరా? దానికి ముందు భూమిమీది ధనమును పరలోకపు ధనమును గూర్చిన మాట. దాని వెనుక దేవునికిని సిరికిని కలిపి దాసులై యుండలేమను మాట. నడుమ కంటి మాట ఊరక రాలేదు. మంచి కంటిని గూర్చి గ్రీకు మూలమున వాడిన ‘హప్లూస్’ అను పదమునకు మడతలేనిది, ఒక్కటే గురి గలదియని అర్థము. యూదుల వాడుకలో చెడ్డ కన్ననగా పిసినారి చూపు. బీదవానికి అప్పు ఇయ్యవలసివచ్చునని వానివైపు చెడ్డ చూపు చూడవద్దని ద్వితీయోపదేశకాండము (15:9) హెచ్చరించుచున్నది. దయగల కన్ను తన ఆహారములో బీదకు పాలిచ్చునని సామెతలు (22:9) నేర్పుచున్నది. కాబట్టి కంటిని గూర్చిన ప్రభువు మాట, లేమిలో మనము పొరుగువానిని ఎట్లు చూతుము అను ప్రశ్నయే.

సహోదరులారా, వాన లేని యేడు మన యిండ్లలో ఏది మొదట తగ్గును? కోతలకు ముందు గాదె అడుగు కనబడినప్పుడు మనము దేనిని కోసివేయుదుము? కొందరి యింట మొదట ఆగునది రాత్రి కుటుంబ ప్రార్థన. దీపపు నూనె దండుగ యందురు, తలనొప్పి యందురు. మరికొందరి యింట మొదట ఆగునది దేవునికని తీసిపెట్టు పిడికెడు బియ్యము. పండుగకు బట్టలు ఆగవు. పెండ్లి మేళము ఆగదు. అనగా దేహము అట్లేయుండి కన్ను తగ్గిపోవుచున్నది. క్రిల్ చేయునది దీనికి తారుమారు. మాసిదోనియ సంఘములవారు కడు బీదరికములోను దాతృత్వము చూపిరని పౌలు 2 కొరింథీ 8వ అధ్యాయములో సాక్ష్యమిచ్చెను. వారి దేహము తగ్గినది, కన్ను తగ్గలేదు.

కరవు వచ్చినప్పుడు తగ్గించుకొనుట పాపము కాదు. తిండి తగ్గవచ్చును, బట్ట తగ్గవచ్చును, ఊరిలో మన మాట చెల్లుబడి తగ్గవచ్చును. చూపును మాత్రము తగ్గనియ్యవద్దు. గడ్డు కాలము దాటిన పిమ్మట మన పిల్లలు మనలను చూచి, “వీరు చితికిపోయిరి గాని వీరి కన్ను చిన్నది కాలేదు” అని గురుతుపట్టవలెను.

కుటుంబ కూటములలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. మన యింటికిని పొరుగు విశ్వాసి యింటికిని మధ్య నున్న గోడ ఏది? ఈ నెలలో దానిని తొలగించుటకు మొదట ఎవరు వెళ్లవలెను?
2. దుఃఖములో నున్నవారిని వివరములు అడుగుటకు బదులు మనము చేయదగిన పని యేమి?
3. మన సంఘమునకు క్రొత్తగా వచ్చినవారిని అననీయవలె పిలుచుచున్నామా?
4. ఈ యేడు లేమి వలన మన యింట తగ్గినవేవి? ఆ పట్టికలో ప్రార్థనయు పిడికెడు బియ్యమును ఉన్నవా?

ప్రార్థన

మంచు క్రింది అగాధములను ఎరిగిన తండ్రీ, వెలుగు కొంచెమైన దినములలో మా ముఖములను నీ వైపు త్రిప్పుము. మా మధ్య గోడలను తొలగించుము. లేమిలో మా కన్ను చిన్నది కాకుండ కాపాడుము. మా ప్రభువైన యేసుక్రీస్తు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.